పాషెండేల్: గుండ్లతో దమ్ము చేసిన నేల

(ఒక పట్టణ గ్రంథాలయంలో విశ్రాంత డ్రైనేజీ ఇంజనీరు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఆదివారం పూట, ఇంత ఎండలో గ్రంథాలయం దాకా వచ్చిన మీ అందరికీ ముందుగా కృతజ్ఞతలు. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండి బాబూ, ఇక్కడ కుర్చీలున్నాయి.

నేను చరిత్ర పాఠాలు చెప్పినవాణ్ణి కాదు. ముప్పై ఏళ్లకు పైగా కృష్ణా డెల్టాలో మురుగు కాలువల మీద పనిచేశాను. పూడిక తీయించడం, గట్లు వేయించడం, వానొస్తే నీళ్లు ఎటు లాగుతున్నాయో చూడటం, ఇదే నా ఉద్యోగం. ఇవాళ ఒక యుద్ధం గురించి చెప్పబోతున్నాను. అది కూడా నా ఉద్యోగానికి దగ్గరి విషయమే, కాసేపట్లో మీకే తెలుస్తుంది.

మా అమ్మాయి బెల్జియంలో ఉంటుంది. రెండేళ్ల క్రితం అక్కడికి వెళ్లినప్పుడు, ఒక శనివారం అల్లుడుగారు కారులో ఒక పల్లెటూరికి తీసుకెళ్లారు. ఊరివాళ్లు దాన్ని పాసెన్‌డాల అంటారు. ఇంగ్లీషు చరిత్రలో పాషెండేల్ అని పడిపోయింది. నేనూ పాషెండేల్ అనే అంటాను, రేపు మీరు వెతుక్కోవడానికి తేలికగా ఉంటుంది. బెల్జియం పడమటి కొసన, ఈప్ర్ అనే పాత పట్టణానికి ఈశాన్యంగా పది పన్నెండు కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. ఇప్పుడు జొన్నెబెకె పంచాయతీలో కలిసిపోయింది. మధ్యలో చర్చి, చుట్టూ ఎర్ర ఇటుకల ఇళ్లు, ఆ వెనక బంగాళాదుంప, మొక్కజొన్న చేలు, మేస్తున్న ఆవులు. బెల్జియంలో ఏ సూపర్ మార్కెట్‌కి వెళ్లినా పాసెన్‌డాల పేరుతో చీజ్ దొరుకుతుంది. అక్కడి పిల్లలకు ఆ పేరు చెబితే ముందు గుర్తొచ్చేది అదే.

అదే పేరు కెనడాలోనో న్యూజిలాండ్‌లోనో అంటే పెద్దవాళ్ల ముఖం మారిపోతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1917 జులై 31 నుంచి నవంబర్ 10 దాకా, ఈప్ర్ బయటి యుద్ధరేఖ నుంచి ఈ ఊరి దాకా ఉన్న ఎనిమిది కిలోమీటర్ల నేల కోసం జరిగిన పోరులో, రెండు వైపులా కలిపి దాదాపు ఐదు లక్షల మంది చనిపోయారు, గాయపడ్డారు, లేదా కనపడకుండా పోయారు. లెక్కల మీద చరిత్రకారులు ఇప్పటికీ కొట్టుకుంటూనే ఉన్నారు. రెండు వైపులా రెండేసి లక్షలకు తగ్గలేదన్నది మాత్రం అందరూ ఒప్పుకునేదే.

ఊరు మిట్ట మీద ఉందని పుస్తకాల్లో రాస్తారు. నేను మిట్ట కోసం వెతికాను. కనపడలేదు! సముద్రమట్టానికి యాభై అరవై మీటర్ల ఎత్తు, కింద ఈప్ర్ ఇరవై మీటర్లు. మధ్యలో అంత దూరం ఉంది కాబట్టి వాలు కంటికి ఆనదు. సైకిలు తొక్కితే మాత్రం పిక్కలకు తెలుస్తుంది. ఆ కాస్త ఎత్తు మీద జర్మన్లు ఉన్నారు, కింద పళ్లెంలాంటి పల్లంలో బ్రిటిష్ సైన్యం ఉంది. పై నుంచి చూసేవాడికి కిందివాడి ప్రతి కదలికా కనపడుతుంది. 1914 నుంచి మూడేళ్లు ఇదే పరిస్థితి.

ఇక నేల సంగతి. కారు దిగగానే నేను చేసిన మొదటి పని చేను గట్టు మీద మట్టి తీసి వేళ్ల మధ్య నలపడం. అల్లుడు నవ్వాడు. పైన సన్న ఇసుక కలిసిన మట్టి, కింద చిక్కటి బంకమన్ను. ఆ బంకమన్ను ఎంత పేరున్నదంటే, భూగర్భ శాస్త్రంలో ఒక యుగ విభాగానికే ఈప్ర్ పేరు మీద ఈప్రీసియన్ అని పెట్టారు. నీరు దాంట్లోకి దిగదు. పైన పడ్డ వాన పైనే నిలుస్తుంది, లేదా పక్కకు పోవాలి. పక్కకు పోవడానికి ఆ నేలంతా చిన్న చిన్న వాగులున్నాయి. వాళ్ల భాషలో వాగుని బెక్ అంటారు. స్టీన్‌బెక్, హానెబెక్, రావెబెక్, ఇలా. అడుగు పెడితే దాటేయగలిగినంత వాగులు. వాటిలోకి ప్రతి చేను నుంచీ ఒక బోదె. వందల ఏళ్లుగా రైతులు తవ్వుకుని, ఏటా పూడిక తీసుకుంటూ నిలబెట్టుకున్న ఏర్పాటు. అది ఉంది కాబట్టే అక్కడ పంట ఉంది, ఊరు ఉంది.

ఇక్కడ కూర్చున్నవాళ్లలో సగం మంది రైతులే. ఒక మేజర్ డ్రెయిన్ పూడిపోతే ఎన్ని వందల ఎకరాల నాట్లు కుళ్లిపోతాయో నేను మీకు చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు ఆ నేల మీదికి ఏం వచ్చిందో వినండి. బ్రిటిష్ సేనాధిపతి డగ్లస్ హేగ్ పథకం ఏమిటంటే, ఈప్ర్ నుంచి బయటపడి మిట్ట పట్టుకోవాలి. ఆ వెనకున్న రూసెలారె రైల్వే జంక్షన్ పట్టుకోవాలి. అక్కణ్ణుంచి సముద్రతీరానికి పోయి ఓస్టెండ్, జీబ్రుగె రేవుల్లో ఉన్న జర్మన్ జలాంతర్గాముల స్థావరాలు ఊడబెరకాలి. ప్రధాని లాయిడ్ జార్జ్‌కి ఇది ఇష్టం లేదు, కానీ ఆపలేదు. జూన్ 7న దక్షిణాన మెసీన్ దగ్గర జర్మన్ల కాళ్ల కింద సొరంగాలు తవ్వి 19 మందుపాతరలు ఒకేసారి పేల్చారు, ఆ మిట్ట ఒక్క రోజులో చేజిక్కింది. (పేలకుండా మిగిలిపోయినవాటిలో ఒకటి 1955లో పిడుగుపడి పేలింది, పాపం ఒక ఆవు పోయింది.) అంత గెలుపు తర్వాత వెంటనే ముందుకు పోకుండా ఏడు వారాలు ఆగారు. జూన్, జులైల్లో నేల ఎండి ఉంది. ఆ వారాలు పోగొట్టుకోవడమే అన్నిటికన్నా పెద్ద తప్పని నాకనిపిస్తుంది.

జులై రెండో సగంలో ఫిరంగులు మొదలయ్యాయి. దాదాపు మూడు వేల ఫిరంగులు, రెండు వారాల్లో 42 లక్షలకు పైగా గుండ్లు. జర్మన్లు లోపల దాక్కుని కాల్చే కాంక్రీటు గూళ్లు బద్దలు కొట్టడం, ముళ్లకంచెలు తెంపడం వాళ్ల ఉద్దేశం. గుండు పడ్డ చోటల్లా గుంత. గుంత పక్కన గుంత. బోదెల గట్లు పోయాయి, వాగులు తెగిపోయాయి, నీరు పారే దారి ఒక్కటి కూడా మిగల్లేదు.

మనం వరి మడికి దమ్ము ఎందుకు చేస్తాం? నీళ్లు పెట్టి, మళ్లీ మళ్లీ తొక్కించి, మట్టి రేణువుల మధ్య సందులన్నీ మూసేస్తాం. అప్పుడు నీరు కిందికి ఇంకదు, మడిలో నిలుస్తుంది. నాటు వేయడానికి నాలుగంగుళాల దమ్ము చాలు. అక్కడ ఆ పని గుండ్లు చేశాయి, కొన్ని చోట్ల మనిషి లోతున చేశాయి. ఇక పైనుంచి నీరు పడటమే తరువాయి.

జులై 31 తెల్లవారుజామున దాడి మొదలైంది. ఆ మధ్యాహ్నం వాన మొదలైంది. ఆగస్టులో దాదాపు 127 మిల్లీమీటర్ల వాన పడింది. మన లెక్కలో అది పెద్ద వానే కాదు, ఒక అల్పపీడనంలో రెండు రోజుల్లో పడుతుంది. అక్కడికి మాత్రం మామూలుకు రెట్టింపు. దారి లేని నీరు ఎక్కడి గుంతలో అక్కడే నిలిచింది. వాన వల్ల ఓడిపోయాం అని ఆ తర్వాత చాలామంది రాసుకున్నారు. వానని నేను తప్పుపట్టను. కాలువలు బతికి ఉంటే ఆ వాన పోయి ఉండేది. ట్యాంకుల విభాగం అధికారులు ఎక్కడెక్కడ నీరు నిలిచిందో గుర్తిస్తూ రోజూ మ్యాపులు గీసి పైకి పంపేవారట, ఇక పంపొద్దని జవాబొచ్చిందని వాళ్లలో కొందరు తర్వాత రాశారు. ఆ మాట చదివినప్పుడు నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఆ బురదలో నడవడానికి చెక్క పలకలు పరిచి దారులు వేశారు. డక్‌బోర్డులంటారు. మనిషి వెడల్పు దారి. రాత్రిపూట, వీపు మీద బరువుతో, అటూ ఇటూ నీళ్ల గుంతలు. కాలు జారితే పక్కవాడు పైకి లాగాలి, లాగబోతే వాడూ పోతాడు. గుర్రాలు, కంచరగాడిదలు బరువుతో సహా మునిగిపోయేవి. మామూలుగా ఇద్దరు మోసే స్ట్రెచర్‌ని ఆరుగురు, ఎనిమిది మంది పట్టుకోవాల్సి వచ్చింది. జొన్నెబెకెలో ఈ యుద్ధం మీద ఒక మ్యూజియం ఉంది, అందులో ఒక డక్‌బోర్డు ముక్క చూశాను. మన ఊళ్లో పందిరికి వేసే చెక్కలంత ఉంది. దాని మీద ఒక సైన్యం నడిచింది.

ఒక్క మనిషి గురించి చెప్పి ముందుకు పోతాను. మొదటి రోజే, జులై 31నే చనిపోయిన ముప్పై ఏళ్ల సైనికుడు. పేరు ఎలిస్ హంఫ్రీ ఎవాన్స్. వేల్స్ కొండల్లో గొర్రెలు కాచుకునే రైతు కుటుంబం. వెల్ష్ భాషలో కవి, హెడ్ విన్ అనే పేరుతో రాసేవాడు. వెల్ష్ అంటే ఇంగ్లీషు నీడలో పెరిగిన చిన్న భాష, కానీ ఛందస్సు మీద వాళ్ల పట్టు మన అవధానులకు తీసిపోదు. ఏటా వాళ్లు జాతీయ కవితోత్సవం చేసుకుంటారు, ఐస్టెద్‌వొద్ అంటారు. మనవాళ్లు మహాకవికి గండపెండేరం తొడిగినట్టు, అక్కడ గెలిచిన కవికి చెక్కిన కుర్చీ ఇచ్చి కూర్చోబెడతారు. ఎవాన్స్ సైన్యంలో ఉండగానే పద్యం పూర్తిచేసి, నియమం ప్రకారం మారుపేరుతో పోటీకి పంపాడు. రెండు వారాలకు ఈప్ర్ దగ్గర గుండు ముక్క తగిలి పోయాడు.

సెప్టెంబర్ 6న బర్కెన్‌హెడ్‌లో సభ. గెలిచిన మారుపేరు చదివారు. లేచి నిలబడమన్నారు. ఎవరూ లేవలేదు. మళ్లీ పిలిచారు. మూడోసారి పిలిచారు. అప్పుడు పెద్దాయన చెప్పారు, ఈ కవి ఐదు వారాల క్రితం యుద్ధంలో పోయాడని. ఖాళీ కుర్చీ మీద నల్లగుడ్డ కప్పారు. ఆ సభలో ప్రధాని లాయిడ్ జార్జ్ ఉన్నాడు, ఆయనా వెల్ష్ మనిషే, ఆ పద్యం భాష ఆయన మాతృభాషే. ఇంకో మాట. ఆ కుర్చీ చెక్కిన వడ్రంగి పేరు యూజీన్ వాన్‌ఫ్లెటరెన్. యుద్ధానికి భయపడి ఇంగ్లండుకు పారిపోయి వచ్చిన బెల్జియం శరణార్థి. బెల్జియం నేల మీద పోయిన కవికి బెల్జియం వడ్రంగి చేసిన కుర్చీ. అది ఇప్పటికీ ఆ కవి పెరిగిన ఇంట్లో ఉంది.

క్షమించండి, నీళ్లు తాగుతాను.

సెప్టెంబర్‌లో వాన ఆగింది, నేల ఆరింది. హెర్బర్ట్ ప్లూమర్ అనే జనరల్‌కి పని అప్పగించారు. ఆయన పద్ధతి వేరు. ఒకేసారి దూరం పోకూడదు, వెయ్యి గజాలు పట్టుకో, ఆగు, ఫిరంగులు ముందుకు తెచ్చుకో, మళ్లీ వెయ్యి గజాలు. సెప్టెంబర్ 20, 26, అక్టోబర్ 4, మూడుసార్లూ అది ఫలించింది. అక్టోబర్ 4 తర్వాత వాన మళ్లీ దిగింది. అక్కడ ఆగి ఉండాల్సింది. ఆగలేదు. 9న ఒకటి, 12న ఒకటి, రెండు దాడులూ బురదలో కూరుకుపోయాయి. ఫిరంగి పేలిస్తే దాని దిమ్మే దిగబడిపోయేది, గురి తప్పేది. గుండు బురదలో పూడుకుపోయి, పేలినా పైకి ఏమీ చేయలేకపోయేది. ముళ్లకంచె తెగలేదు. తెగని కంచె ముందు, అక్టోబర్ 12 ఒక్క రోజున 800 మందికి పైగా న్యూజిలాండ్ కుర్రాళ్లు పోయారు. అప్పటి న్యూజిలాండ్ జనాభా పదకొండు పన్నెండు లక్షలు. వాళ్ల చరిత్రలో అంత నల్లటి రోజు ఇంకోటి లేదంటారు.

చివరికి కెనడా దళాన్ని పిలిచారు. దాని జనరల్ ఆర్థర్ కరీ. ఈయన గురించి నేను ఇష్టంగా చదివాను. ఈ ఊరు పట్టుకోవాలంటే 16,000 మంది దెబ్బతింటారు, అంత విలువ ఉందా అని హేగ్‌ని ముఖాన అడిగాడు. ఉందన్నారు. సరే అని ముందు రోడ్లు వేయించాడు, చెక్క దిమ్మెల దారులు, చిన్న రైలు పట్టాలు, ఫిరంగులకు గట్టి వేదికలు. రెండు వారాలు పని జరిగాకే అక్టోబర్ 26న కదిలాడు. రావెబెక్ వాగు వాళ్ల దారికి అడ్డంగా పొంగి, అడుసు గుండంగా మారింది. దానికి అటు కొందరు, ఇటు కొందరుగా చీలిపోయి పోవాల్సి వచ్చింది. మనం అడుగేసి దాటే వాగు! నవంబర్ 6న ఊరు చేతికొచ్చింది. చనిపోయినవాళ్లూ గాయపడ్డవాళ్లూ కలిపి కెనడా లెక్క 15,654. కరీ చెప్పినదానికి మూడు నాలుగు వందలు తేడా.

చేతికొచ్చిన ఊరు ఎలా ఉంది? ఆకాశం నుంచి తీసిన రెండు ఫోటోలు మీకు ఇంటర్నెట్‌లో దొరుకుతాయి, తప్పకుండా చూడండి. మొదటిదానిలో రోడ్లు, ఇళ్లు, చర్చి, గట్లు గీసిన చేలు. రెండోదానిలో మశూచి మచ్చల ముఖం. చర్చి ఎక్కడుందో ఆనవాలు పట్టాలంటే వేలితో వెతకాలి.

ఐదు నెలల తర్వాత, 1918 ఏప్రిల్‌లో జర్మన్లు దక్షిణాన విరుచుకుపడితే, బ్రిటిష్ సైన్యం ఈ మిట్టని తనంత తానే వదిలి వెనక్కి వచ్చేసింది. సెప్టెంబర్ 28న బెల్జియం సైన్యం తిరిగి పట్టుకుంది. ఫ్రెంచి సైన్యంలో అప్పుడు తిరుగుబాట్లు నడుస్తున్నాయి, జర్మన్లను ఎక్కడో ఒకచోట తొక్కిపట్టి ఉంచాల్సి వచ్చింది, జర్మన్ల నడుమూ విరిగింది అని హేగ్ తరఫున వాదించేవాళ్లున్నారు. ఆ వాదనలో పస లేదనను. జులైలో దాడి చేయడానికి అది జవాబు కావచ్చు. అక్టోబర్ 12కి మాత్రం కాదు.

ఊరికి కాస్త ముందు టైన్ కాట్ అనే శ్మశానం ఉంది. బ్రిటిష్ కామన్వెల్త్ యుద్ధ శ్మశానాల్లో ప్రపంచంలోనే పెద్దది. లోపలికి పోయే దారిలో ఒక అమ్మాయి గొంతు వినపడుతుంది, పేరు, వయసు, పేరు, వయసు, అలా చదువుతూనే ఉంటుంది. లోపల దాదాపు 12,000 తెల్లరాళ్లు. వాటిలో 8,300కు పైగా రాళ్ల మీద పేరు లేదు. 'మహాయుద్ధ సైనికుడు' అని పైన, 'దేవుడికి తెలిసినవాడు' అని కింద. ఆ మాట కూర్చింది బొంబాయిలో పుట్టిన ఇంగ్లీషు రచయిత కిప్లింగ్, ఆయన కొడుకు కూడా ఆ యుద్ధంలోనే పోయాడు. శ్మశానం కట్టిన హెర్బర్ట్ బేకర్ మీకు తెలిసినవాడే, ఢిల్లీలో సెక్రటేరియట్ భవనాలు కట్టినాయన. మధ్యలో పెద్ద శిలువ ఒక జర్మన్ కాంక్రీటు గూడు మీదే నిలిపారు, ఆ కాంక్రీటు కనపడేలా కొంచెం చోటు వదిలేశారు. నేను దాని మీద చెయ్యి పెట్టాను. ఇసుక, కంకర, సిమెంటు, మనం వాడేదే. గరుకుగా, చల్లగా ఉంది.

వెనక గోడ మీద దాదాపు 35,000 పేర్లు, శరీరం దొరకనివాళ్లవి. 1917 ఆగస్టు 15 దాకా కనపడకుండా పోయిన 54,000 మందికి పైగా పేర్లు ఈప్ర్‌లో మెనిన్ గేటు అనే స్మారక ద్వారం మీద పట్టాయి. ఆ తర్వాతివాళ్లకు అక్కడ చోటు చాలక ఇక్కడ చెక్కారు. మెనిన్ గేటు మీద 400కు పైగా భారతీయుల పేర్లున్నాయి. మనవాళ్లు పాషెండేల్ పోరులో లేరు, పదాతి దళాలు 1915 చివరికే ఐరోపా వదిలి వెళ్లాయి. అంతకు ముందు 1914 అక్టోబర్ 31న ఈప్ర్ దగ్గర హోలెబెకె అనే ఇంకో పల్లెలో, తోటివాళ్లంతా పోయినా మెషిన్ గన్ వదలని ఖుదాదాద్ ఖాన్‌కి బ్రిటిష్ సైన్యంలో అన్నిటికన్నా పెద్ద శౌర్య పతకం, విక్టోరియా క్రాస్ వచ్చింది. అది అందుకున్న మొదటి భారతీయ సైనికుడు ఆయనే. మెనిన్ గేటు దగ్గర రోజూ సాయంత్రం ఎనిమిదింటికి బూరలు ఊదుతారు, 1928 నుంచి. రెండో యుద్ధంలో జర్మన్ల ఆక్రమణలో ఉన్నప్పుడు తప్ప మానలేదు. ఆ రోజు మేం ఆగాం. రోడ్డు మీద ట్రాఫిక్ ఆపేశారు. స్కూలు పిల్లలు కూడా గుసగుస మానేశారు.

ఊరివాళ్ల సంగతి ఎవరూ అడగరు. నాకు వాళ్ల మీదే మనసు. 1914లో మూట కట్టుకుని పోయినవాళ్లు 1919 తర్వాత ఒక్కొక్కరే తిరిగొచ్చారు. ఈప్ర్ శిథిలాలను అలాగే స్మారకంగా వదిలేయాలని చర్చిల్ అన్నాడు. మా ఊరు మాకు కావాలన్నారు వాళ్లు. చెక్క పాకల్లో ఉంటూ గుంతలు పూడ్చారు, ఇనుము ఏరారు, శవాలు దొరికితే అప్పగించారు. తర్వాత బోదెలు తవ్వారు. ఏ వాగు ఎక్కడ పారేదో గుర్తుపట్టడానికి చెట్టు లేదు, గట్టు లేదు. పాత రికార్డులు, ముసలివాళ్ల జ్ఞాపకాలు, నేల వాలు, ఇంతే ఆధారం. ఒక సర్వే చేసినవాడిగా చెబుతున్నాను, అది మామూలు పని కాదు.

ఆ నేల ఇప్పటికీ గుండ్లు బయటపెడుతూనే ఉంది. పేలకుండా బురదలో దిగబడ్డవి దుక్కి దున్నినప్పుడల్లా పైకొస్తాయి. వాళ్లు దాన్ని ఇనుప పంట అంటారు. బెల్జియం సైన్యంలో ఒక విభాగం పక్కనే పోల్‌కాపెల్లెలో ఉంది, ఏటా వంద టన్నులకు మించి పోగుచేస్తుంది. కొన్నిటిలో విషవాయువు ఇంకా అలాగే ఉంది. మస్టర్డ్ గ్యాస్‌ని మొదటిసారి ప్రయోగించింది ఈప్ర్ దగ్గరే, 1917 జులైలో.

తిరిగి వస్తుంటే ఒక చేను పక్కన చిన్న పొక్లెయిన్ పెట్టి బోదె పూడిక తీస్తున్నారు. నేను కారు ఆపమన్నాను. పని బాగుంది, అడుగు మట్టం సమంగా తీశాడు, తీసిన మట్టి గట్టుకు దూరంగా వేశాడు, మళ్లీ జారి పడకుండా. గట్టు చివర కరెంటు స్తంభం మొదట్లో మోచెయ్యంత పొడవున తుప్పుపట్టిన గుండు ఒకటి నిలబెట్టి ఉంది, మట్టి ఇంకా తడిగానే ఉంది. సైన్యం వాళ్లు వచ్చి తీసుకుపోతారని అల్లుడు చెప్పాడు. ఆ డ్రైవరు మా వైపు చూసి చెయ్యి ఊపి, దగ్గరికి రావొద్దని సైగ చేశాడు. మళ్లీ బకెట్ బోదెలోకి దించాడు.